ఐదు దీవుల చిక్కుముడి

1997లో వచ్చిన ‘రివెన్’ 2024లో కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. ఓ గొప్ప పజిల్ ఆటకు రెండో భాగంగా పుట్టి మొదటిదాన్ని మించిపోయిన ఆట ఇది. ఇవాళ కూర్చుని ఆడటానికి తగినదేనా?

సినిమాకు రెండో భాగం తీస్తున్నారంటే మనకు ముందే ఓ అనుమానం పుడుతుంది. చెప్పాల్సిన కథ మిగిలి తీస్తున్నారా, మొదటిదానికి డబ్బులొచ్చాయని తీస్తున్నారా అని. వీడియో గేముల దగ్గర ఆ అనుమానానికి ఇంకా బలముంది. పజిల్ ఆటల దగ్గర మరీను. ఒకసారి విప్పేసిన పొడుపు కథను మళ్లీ వేస్తే పిల్లలు ఊరుకోరు, కొత్తది వేయమంటారు. కొత్తది వేయాలంటే వేసే అమ్మమ్మ దగ్గర సరుకుండాలి. కత్తియుద్ధాల ఆటకు రెండో భాగం తీసేవాళ్లు కొత్త కత్తులు, కొత్త శత్రువులు, ఇంకాస్త పెద్ద మైదానం ఇచ్చి గట్టెక్కగలరు. పజిల్ ఆట తీసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మొదటి ఆటలో ఆటగాడు సంపాదించుకున్న తెలివే రెండో ఆటకు అడ్డం తిరుగుతుంది.

అయినా గట్టెక్కినవి ఉన్నాయి. 2007 నాటి ‘పోర్టల్’ కొన్ని గంటల్లో ముగిసే చిన్న ఆట. 2011లో వాల్వ్ సంస్థ తీసిన ‘పోర్టల్ 2’లో ఇద్దరు కలిసి ఆడే భాగం చేరింది, నేల మీద పూస్తే మనల్ని ఎగరేసే, జారుకుంటూ పరుగెత్తించే రంగు జిగుర్లు వచ్చాయి. పైగా కడుపుబ్బ నవ్విస్తుంది. ఫోన్లో ఆడుకునే ‘మాన్యుమెంట్ వ్యాలీ’కి 2017లో వచ్చిన రెండో భాగం తల్లీబిడ్డల కథ చెప్పింది. క్రొయేషియాకు చెందిన క్రోటీమ్ 2023లో ‘ది టాలోస్ ప్రిన్సిపల్ 2’ తెచ్చి, మొదటి భాగంలో ఒంటరిగా తిరిగిన రోబోలకు ఏకంగా ఓ నగరాన్ని ఇచ్చింది. మూడూ ఆడదగ్గవే. కానీ పజిల్ అడ్వెంచర్లలో ఏ సీక్వెల్ ఆడాలని ఎవరడిగినా నా నోట ముందు వచ్చే పేరు వీటన్నిటికన్నా పాతది. అట్టపెట్టె మీదే ‘మిస్ట్‌కు సీక్వెల్’ అని రాసుకుని వచ్చిన రివెన్.

ముందు మిస్ట్ సంగతి

వాషింగ్టన్ రాష్ట్రం అనగానే మనవాళ్లకు సియాటిల్ గుర్తొస్తుంది. తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్న ఊరది. అదే రాష్ట్రానికి తూర్పు కొసన స్పోకేన్ అనే ఊరుంది. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు ఆ దగ్గర్లో సయాన్ అనే చిన్న సంస్థ నడిపేవారు. మొదట్లో వాళ్లవన్నీ పిల్లల ఆటలు. 1988లో వచ్చిన ‘ది మ్యాన్‌హోల్’లో గెలుపూ లేదు, ఓటమీ లేదు. బొమ్మల మీద క్లిక్ చేసుకుంటూ ఓ వింత లోకంలో తిరగడమే ఆట. ఆ తిరుగుడునే పెద్దవాళ్ల కోసం చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి 1993 సెప్టెంబరులో మిస్ట్ వచ్చింది.

మిస్ట్‌లో మీరెవరో మీకు ఎవరూ చెప్పరు. ఒక పుస్తకం దొరుకుతుంది, దాని పుటలో కదిలే బొమ్మ మీద చెయ్యి పెడితే ఓ దీవిలో తేలతారు. అక్కడ మనుషులు లేరు. గ్రంథాలయం ఉంది, మునిగిన ఓడ ఉంది, రాకెట్ ఉంది. గ్రంథాలయంలోని రెండు పుస్తకాల్లో ఇద్దరు అన్నదమ్ములు చిక్కుకుని, ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతూ, తమను విడిపించమని వేడుకుంటుంటారు. దాదాపు 2,500 నిశ్చల చిత్రాలను ఒకదాని వెంట ఒకటి పేర్చి ఈ లోకాన్ని కట్టారు. తుపాకీ పట్టక్కర్లేదు, చావు భయం లేదు, గడియారం తరమదు. ఆ రోజుల్లో సీడీ-రామ్ డ్రైవ్ కొత్త వస్తువు. దాన్ని కొనడానికి చాలా ఇళ్లలో మిస్ట్ ఒక కారణమైంది. 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, 2002లో ‘ది సిమ్స్’ దాటేదాకా పీసీ ఆటల అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది.

అంత పేరొచ్చిన ఆటలోనూ ఒక లోటుంది, అది చెప్పకపోతే రివెన్ గొప్పతనం అర్థం కాదు. మిస్ట్‌లో పజిళ్లు లోకానికి అతికించినవి. రాకెట్ లోపల పియానో లాంటి మీటలుంటాయి, సరైన స్వరాలు కుదిర్చితే ఇంకో లోకానికి దారి తెరుచుకుంటుంది. ఇల్లు కట్టుకున్నవాడెవడైనా తన తలుపుకు అలాంటి ఏర్పాటు ఎందుకు చేసుకుంటాడు? ఆడేటప్పుడు ఆ ప్రశ్న రాదు. ఆడేశాక వస్తుంది. ఒక్కో లోకం అందంగా ఉంటుంది, కానీ అందులో ఎవరైనా వంట చేసుకున్నారా, పిల్లల్ని పెంచారా అంటే నమ్మకం కుదరదు. అది పజిల్ పెట్టడానికి వేసిన సెట్టు.

నాలుగేళ్ల శ్రమ

మిస్ట్ తెచ్చిన డబ్బుతో ఏడాదిలో మిస్ట్ లాంటిదే ఇంకోటి చేసి అమ్మొచ్చు. సయాన్ అలా చేయలేదు. నాలుగేళ్లు తీసుకుంది. డిస్నీ ‘అలాద్దీన్’ చిత్రానికి ప్రొడక్షన్ డిజైనర్‌గా పనిచేసిన రిచర్డ్ వాండర్ వెండీ వచ్చి రాబిన్ మిల్లర్‌తో కలిసి రివెన్ రూపకల్పన చేశాడు. మిస్ట్ బొమ్మలు మామూలు మెకింటోష్ కంప్యూటర్ల మీద తయారైతే, రివెన్‌కు సినిమాలవాళ్లు వాడే సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలు తెచ్చారు. గోడల మీది పెచ్చులు, తుప్పు, ఎండకు ఎండిన కొయ్య సహజంగా కనిపించాలని న్యూ మెక్సికోలోని శాంటా ఫే వెళ్లి అక్కడి గోడలను, తలుపులను ఫొటోలు తీసుకొచ్చి బొమ్మల మీద పరిచారు. 1997 అక్టోబరు 31న ఆట విడుదలైంది. మొత్తం 5 సీడీలు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లినప్పుడల్లా సీడీ మార్చాల్సి వచ్చేది. సంగీతం మళ్లీ రాబిన్‌దే. ఈ ఆట పూర్తయ్యాక ఆయన సయాన్ నుంచి వెళ్లిపోయాడు.

కథ ఇలా మొదలవుతుంది. ఆట్రస్ అనే ఆయనకు పుస్తకాలు రాసి వేరే లోకాలకు దారి తెరిచే విద్య వచ్చు. ఆ విద్య తండ్రి గెన్ దగ్గర నేర్చుకున్నాడు. ఆ తండ్రి తను రాసిన లోకాలకు తనే దేవుణ్నని నమ్మినవాడు. ముప్ఫై ఏళ్లకు పైగా కిందట ఆట్రస్, అతని భార్య క్యాథరిన్ కలిసి గెన్‌ను రివెన్ అనే లోకంలో, బయటికి దారి లేకుండా బంధించారు. ఇప్పుడు క్యాథరిన్ ఆ గెన్ చేతికే చిక్కింది. రివెన్ ఆమె పుట్టిన గడ్డ. ఆ లోకం పగిలిపోతోంది. ఒకప్పుడు ఒకటిగా ఉన్న నేల ఐదు దీవులుగా చీలి దూరం జరుగుతోంది. అది కుప్పకూలకుండా ఆట్రస్ రాత్రింబవళ్లు దాని పుస్తకంలో దిద్దుబాట్లు రాస్తూ కూర్చున్నాడు, కుర్చీలోంచి లేవలేడు. అందుకే మిమ్మల్ని పంపుతున్నాడు.

తిరిగి రావడానికి దారి చూపే పుస్తకం మాత్రం మీకివ్వడు. అది గెన్ చేతిలో పడితే అతను బయటపడతాడు కదా. మీ చేతికిచ్చేది చూడ్డానికి అలాంటి పుస్తకమే, నిజానికి మనిషిని బంధించే ఉచ్చు. దాంట్లో గెన్‌ను పట్టాలి, క్యాథరిన్‌ను విడిపించాలి, ఆట్రస్‌కు సంకేతం పంపాలి. రివెన్‌లో అడుగుపెట్టిన నిమిషంలోనే కాపలావాడొకడు ఆ పుస్తకం లాక్కుంటాడు. అతను మీకు తెలియని భాషలో ఏదో అడుగుతుండగానే మెడకు ఓ బాణపు ముల్లు గుచ్చుకుని కుప్పకూలతాడు. ముసుగు మనిషొకరు వచ్చి పుస్తకం ఎత్తుకుని, మీరున్న బోను తెరిచి మాయమవుతారు. ఆ తర్వాత మీకు ఏం చేయాలో చెప్పేవాడు ఉండడు.

బడిలో ఓ ఆటబొమ్మ

రివెన్ ఎందుకు ఆడాలో చెప్పాలంటే ఒక్క పజిల్‌ను కొంతవరకు విప్పక తప్పదు. జవాబు చెప్పను. 1997 ఆటలో అది ఎలా ఉంటుందో అలాగే చెబుతాను.

అడవి దీవిలో ఓ మడుగు. దాని ఒడ్డున కొండకు వేలాడుతూ గుండ్రటి మట్టి ఇళ్లు. మీరు కనబడగానే కాపలా కొమ్ము మోగుతుంది, జనం లోపలికి పారిపోయి తలుపులు బిగించుకుంటారు. తట్టినా తీయరు. అంతకు ముందు అడవి దారిలో ఓ చిన్నపిల్ల మిమ్మల్ని చూసి పరుగున మలుపు తిరిగిపోతుంది. ఈ జనం కొత్తమనిషిని చూసి ఇంతగా ఎందుకు బెదిరిపోతున్నారన్నది మీ మనసులో పడే మొదటి ప్రశ్న.

ఆ ఊళ్లో తెరిచి ఉండే చోటు ఒకటుంది, బడి. పిల్లలు లేరు. మూలన ఓ యంత్రం మీట నొక్కితే గెన్ రూపం గాలిలో వెలిగి గంభీరంగా ఏదో బోధిస్తుంది. బల్ల మీద ఓ ఆటబొమ్మ. రెండు చిన్న మనిషి బొమ్మలు తాళ్లకు వేలాడుతుంటాయి, కింద నోరు తెరుచుకున్న పెద్ద సముద్రజంతువు. దాని పేరు వార్క్. పక్కన పిడి తిప్పితే ఓ గుర్తు కనబడుతుంది, ఒక బొమ్మ కొన్ని మెట్లు కిందికి దిగుతుంది. మళ్లీ తిప్పితే ఇంకో గుర్తు, రెండో బొమ్మ ఇంకొన్ని మెట్లు దిగుతుంది. నోటి దగ్గరికి వచ్చిన బొమ్మను వార్క్ మింగేస్తుంది. ఆ గుర్తులు అంకెలు. ఆ ఊరి పిల్లలు అంకెలు నేర్చుకునేది ఇలా.

మొదటిసారి ఆడేవాళ్లు ఇక్కడ కాగితం తీసి గుర్తులు రాసుకుంటారు. ఏ గుర్తుకు ఎన్ని మెట్లు అని లెక్కపెడతారు. చిన్న అంకెల వరకే ఆ బొమ్మ నేర్పుతుంది. పెద్దవాటిని గుర్తుల ఆకారం చూసి మీరే ఊహించుకోవాలి. మన పదుల లెక్క కాదది, గెన్‌కు ఐదు మీద ఎంత మోజుందో చుట్టూ చూసినవాళ్లకు దారి దొరుకుతుంది. లెక్క పట్టుబడ్డాక కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. మడుగు దగ్గర నీళ్ల మీదికి వాలి ఓ పెద్ద ఇనుప నిర్మాణం ఉంటుంది. దాని పని ఏమిటో అంతుచిక్కకుండా మీరు ముందు దాని పక్కనుంచే వెళ్లి ఉంటారు. ఆటబొమ్మ చూశాక అదేమిటో అర్థమవుతుంది. ఊరి మధ్యలో నిజమైన ఉరికంబం అది. తాడుకు కట్టిన మనిషిని నీళ్లలోని నిజమైన వార్క్‌కు దించే యంత్రం. బడిలోని ఆటబొమ్మ దాని చిన్న నమూనా. ఎదురు తిరిగితే ఏం జరుగుతుందో, ఒకటీ రెండూ నేర్పుతూనే గెన్ పసివాళ్ల బుర్రల్లోకి ఎక్కిస్తున్నాడు.

ఒక్క బొమ్మతో ఎన్ని పనులు జరిగాయో చూడండి. మీకు కావాల్సిన అంకెలు దొరికాయి. పాలకుడి స్వభావం తెలిసింది. కొమ్ము మోగగానే తలుపులు ఎందుకు మూతపడ్డాయో తెలిసింది. ఎవరూ కూర్చోబెట్టి కథ చెప్పలేదు, ఎవరూ పజిల్ అని బోర్డు పెట్టలేదు. మిస్ట్‌లో పియానో మీటలు ఎందుకున్నాయో చెప్పలేం, రివెన్‌లో ఆ ఆటబొమ్మ బడిలో ఎందుకుందో ఎవరైనా చెప్పగలరు. రెండో భాగం మొదటిదాన్ని దాటిందని నేననేది ఇందుకే.

ఆట నిండా ఇదే పద్ధతి. ఎండ కాచుకునే సన్నర్లనే నీటిజంతువులు ఒడ్డున పడుకుని ఉంటాయి. గబగబా వెళితే నీళ్లలోకి దూకేస్తాయి, నెమ్మదిగా వెళితే దగ్గరికి రానిచ్చి అరుస్తాయి. ఆ అరుపు విని గుర్తుపెట్టుకున్నవాళ్లకు అది తర్వాత పనికొస్తుంది. అక్కడక్కడా గుండ్రటి చెక్క బంతులు పొదిగి ఉంటాయి, తిప్పితే ఏదో జంతువు గొంతు పలుకుతుంది, వెనుక ఒక గుర్తు. కొన్నిచోట్ల కాస్త దూరంగా నిలబడి చూస్తే రాళ్లూ నీళ్లూ కలిసి ఆ జంతువు ఆకారంలోనే కనబడతాయి. అవి పెట్టింది మోయిటీ అనే తిరుగుబాటుదారులు. గెన్ పెట్టిన చిక్కులన్నీ అంకెలు, లోహం, ఆవిరి. మోయిటీ పెట్టినవి జంతువులు, కొయ్య, నీళ్లు. ఎవరి తాళం ఎవరిదో వాళ్ల మనసును బట్టి గుర్తుపట్టొచ్చు.

గెన్ కాగితం తయారుచేయడానికి చెట్లు నరికిస్తున్నాడు. బయటపడే దారి కోసం తనే కొత్త పుస్తకాలు చేసుకుంటున్నాడు, అవి సరిగా పనిచేయక ప్రతి దీవి మీదా ఓ గోళంలో యంత్రాలు బిగించి వాటికి బలం పోస్తున్నాడు. మరిగించే యంత్రం, చెక్కను తరిగే రంపం, దీవుల మధ్య తీగల మీద పరుగెత్తే బండ్లు అన్నీ ఆ ఒక్క పని కోసమే. ఒకప్పుడు ఆ లోకానికి ప్రాణంలా నిలిచిన మహావృక్షాన్ని కొట్టేయించాడు. దాని మొద్దు ఓ దీవంత ఉంటుంది. క్యాథరిన్‌ను బంధించింది ఆ మొద్దు మీదే.

బోను అవతల నిలబడ్డ మనిషి

ఆట సగం దాటేదాకా గెన్ మనిషిగా ఎదురుపడడు. అతని బడి, అతని ఉరికంబం, అతని రాతలు, అతని పొగగొట్టం చూసి అతనెంత రాక్షసుడో మీరే ఊహించుకుని ఉంటారు. చివరికి కలిసినప్పుడు మీరు బోనులో ఉంటారు, అతను బయట నిలబడి ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. తను చేసినవన్నీ తప్పులేనని ఒప్పుకుంటాడు. మారిపోయానంటాడు. అప్పటికి మళ్లీ మీ చేతికి వచ్చిన ఆ ఉచ్చు పుస్తకంలోకి తన కన్నా ముందు మీరే వెళ్లి అది క్షేమమని నిరూపించమంటాడు. అనుమానముంటే ఆలోచించుకోమని సమయమూ ఇస్తాడు.

ఇక్కడ నొక్కాల్సిన మీటలు లేవు, లెక్కలు లేవు. ఈ మనిషి మాట నమ్మాలా వద్దా అన్నదే పజిల్. అంతదాకా మీరు తిరిగిన ప్రతి గదీ ఆ నిర్ణయానికి సాక్ష్యం. తప్పు చేస్తే ఆట అక్కడే చేదుగా ముగుస్తుంది. రివెన్‌కు ముగింపులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని భయంకరమైనవి.

గెన్ పాత్ర చేసిన జాన్ కెస్టన్ రంగస్థల నటుడు. డెబ్బై దాటాక మారథాన్‌ను దాదాపు మూడు గంటల్లో పరుగెత్తి, ఆ వయసు పరుగుల లోకంలోనూ పేరు తెచ్చుకున్నాడు. ఆ సన్నివేశంలో అతను గొంతు పెంచడు. వీడియో గేముల్లో ప్రతినాయకులు అరిచే కాలంలో ఓ పెద్దమనిషి నెమ్మదిగా మాట్లాడి వణికించిన దృశ్యం అది. కెస్టన్ 2022లో కన్నుమూశారు. 2024 రివెన్‌లో గెన్ శరీరం కొత్తగా కంప్యూటర్లో చేసిందే అయినా వినిపించేది ఆయన అసలు గొంతు.

ఓపికను పరీక్షించే చోట్లు

ఈ ఆట అందరికీ నచ్చుతుందని చెప్పను. ఒక తలుపు తెరిచి లోపలికి వెళ్లాక, దాన్ని లోపలినుంచి మూస్తే తప్ప దాని వెనకున్న దారి కనబడని చోటొకటుంది. అక్కడ ఆగిపోయి ఆట వదిలేసినవాళ్లు ఎందరో. తెలివికి పెట్టిన పరీక్ష అనుకోను దాన్ని, ఆటలోని నిజమైన లోపం. అలాగే ఓ దీవిలో కనిపించింది మరో దీవిలో సరిచూసుకోవడానికి బండెక్కి పోయి రావాలి, మీటలు నొక్కి గది తిప్పాలి, వంతెన దించాలి. పరిష్కారం తట్టాక కూడా దాన్ని అమలు చేయడానికి ఇంత నడవాలా అనిపిస్తుంది.

చివరికొచ్చే పజిల్, రంగు గోళీలను గళ్ల పలక మీద సరైన చోట పెట్టాల్సింది, నిజంగా కష్టం. అంతదాకా దీవుల్లో చూసినవన్నీ అక్కడ ఒక్కచోట కలవాలి. ఒక్క గుర్తు తప్పు రాసుకున్నా ఎక్కడ తప్పిందో తెలియదు. ఇందులో ఆట మోసం చేయదు. కావాల్సిన ప్రతి ముక్కా అది మీకు చూపించే ఉంటుంది. కానీ రోజంతా పనిచేసి రాత్రి ఓ అరగంట మనసు తేలికపరుచుకోవాలనుకునేవాళ్లకు ఇది తగదు. వాళ్లు హాయిగా ‘మాన్యుమెంట్ వ్యాలీ 2’ ఆడుకోవచ్చు.

ఇంకో మాట. ఆట్రస్, గెన్, క్యాథరిన్ రాసిన డైరీలు పేజీలకు పేజీలు ఉంటాయి. తెలుగు లేదు, ఇంగ్లిషులో చదువుకోవాల్సిందే. అయితే రివెన్‌లో నేర్చుకోవాల్సిన అంకెలు, గుర్తులు, జంతువుల అరుపులు ఏ భాషవాళ్లకైనా కొత్తవే. ఇంగ్లిషు మాతృభాషగా పెరిగినవాళ్లు కూడా ఆ బడిలో మనలాగే పలక పట్టుకుని కూర్చోవాలి. హైస్కూలు స్థాయి ఇంగ్లిషు వస్తే డైరీలు అందుతాయి. ఇంట్లో ఒకరు చదివి చెబుతుంటే మరొకరు దారి చూస్తూ ఆడితే ఇంకా బాగుంటుంది. పదీ పన్నెండేళ్ల పిల్లలతో కలిసి ఆడటానికి ఇంతకన్నా మంచి ఆట నాకు తెలియదు. పెద్దవాళ్లు లెక్కల వెంట పడుతుంటే పిల్లలు గోడ మీది ఆకారం చూసి అది కప్ప అని చెప్పేస్తారు. ఉరికంబం సంగతి మాత్రం ముందు మనసులో పెట్టుకోండి, మరీ చిన్నపిల్లలకు వద్దు.

పాతదా, కొత్తదా?

రివెన్‌ను ప్రాణంగా చూసుకున్న అభిమానులు కొందరు దాన్ని స్వేచ్ఛగా నడిచి తిరిగే లోకంగా మళ్లీ కట్టాలని ఏళ్ల తరబడి సొంతంగా పనిచేశారు. స్టార్రీ ఎక్స్‌పాన్స్ పేరుతో సాగిన ఆ ప్రయత్నాన్ని సయాన్ అడ్డుకోలేదు, చివరికి తనే ఆ పనికి పూనుకుంది. ఆట పాతికేళ్లు నిండిన రోజున, 2022 అక్టోబరు 31న, కొత్త రివెన్ తయారవుతోందని ప్రకటించింది. 2024 జూన్ 25న అది విండోస్, మ్యాక్ కంప్యూటర్లకూ, మెటా క్వెస్ట్ వీఆర్ హెడ్‌సెట్లకూ వచ్చింది.

పాతదాంట్లో క్లిక్ చేస్తే ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వస్తుంది. కొత్తదాంట్లో నడుస్తారు, వంగి చూస్తారు, మేడ మీద నిలబడి కింది మడుగును చూస్తారు. ఏ దీవి ఎటుందో కళ్లకు తెలుస్తుంది, అది ఈ ఆటలో చిన్న లాభం కాదు. పజిళ్లను కూడా ఉన్నవి ఉన్నట్టు దించలేదు. కొన్నింటిని పూర్తిగా తిరగరాశారు, పాత జవాబులు గుర్తున్నవాళ్లు మళ్లీ కొత్తగా ఆలోచించాల్సిందే. తీసిన ఆటనే మళ్లీ తీస్తూ ఇంత తెగువ చూపినవాళ్లు తక్కువ.

మనుషుల విషయంలో మాత్రం నా మొగ్గు పాతదానికే. 1997లో నిజమైన నటులను కెమెరాతో చిత్రించి బొమ్మల్లో కలిపారు. ఆ కళ్లలోని భయం, ఆ పెదవి విరుపు కొత్త బొమ్మల ముఖాల్లోకి పూర్తిగా దిగలేదు. కొత్తదానికి మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కూడా కావాలి. పాతది ఇప్పటి మామూలు లాప్‌టాప్ మీద, సీడీలు మార్చే బెడద లేకుండా ఆడొచ్చు, స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో దొరుకుతుంది. ఫోన్లకూ వచ్చింది కానీ అంత చిన్న తెర మీద ఆడొద్దు, గోడ మీది గీతలే ఆధారమైన ఆట ఇది.

రివెన్ తర్వాత కూడా ఈ కథ సాగింది. 2001లో ‘మిస్ట్ 3’ను ప్రెస్టో స్టూడియోస్ చేసింది, 2004లో ‘మిస్ట్ 4’, 2005లో ‘మిస్ట్ 5’ వచ్చాయి. మూడోది ముచ్చటైన ఆటే. అయితే అది మళ్లీ విడివిడి లోకాల పద్ధతికి, లోకానికో పాఠం చొప్పున పజిళ్లు పెట్టే దారికి వెళ్లిపోయింది. ఒక ఊరినీ, దాని కష్టాన్నీ మొత్తంగా చదివించే ఆ పని మళ్లీ ఆ వరుసలో జరగలేదని నా అభిప్రాయం.

ఆడబోయేవాళ్లకు

మిస్ట్ ఆడకుండా రివెన్ ఆడొచ్చా అని చాలామంది అడుగుతారు. ఆడొచ్చు. ఆట్రస్ ఎవరు, పుస్తకాలు ఏం చేస్తాయి అన్నవి తెలిస్తే చాలు, అవి ఈ కథనంలోనే చదివేశారు. తీరికుంటే ముందు మిస్ట్ ఆడితే మంచిదే. చిన్నది, త్వరగా అయిపోతుంది, రివెన్ ఎంత ఎదిగిందో కూడా తెలుస్తుంది.

ఓ నోటుపుస్తకం, పెన్సిలు పక్కన పెట్టుకోండి. చూసిన ప్రతి గుర్తునూ గీసుకోండి, ఎక్కడ చూశారో రాసుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, చెవులు మూసుకుని ఈ ఆట ఆడలేరు. ఆగిపోతే వెంటనే జవాబులు వెతకొద్దు. కంప్యూటర్ కట్టేసి పడుకోండి, పొద్దున కాఫీ తాగుతుండగా తట్టే అవకాశం ఎక్కువ. ముందు చెప్పానే, తలుపు వెనక దాగిన దారి, ఆ ఒక్కదాని దగ్గర మాత్రం ఎవరినైనా అడిగి ముందుకెళ్లినా మీ ఆట చెడదు. మిగిలినవన్నీ మీరే విప్పాలి. తొందర లేకుండా ఆడితే పది నుంచి ఇరవై గంటలు పడుతుంది. దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో సరిగ్గా సరిపోతుంది.

ఒక్కటే ఆడతారనుకుంటే, మంచి కంప్యూటర్ ఉంటే 2024 రివెన్ ఆడండి. లేకపోతే 1997 రివెన్ ఆడండి, ఏమీ పోగొట్టుకోరు. రెండూ ఆడగలిగితే పాతది ముందు, కొత్తది తర్వాత.